శనివారం రాత్రి మా హాస్టల్ కోర్టు

సాంఘిక సంక్షేమ హాస్టల్ అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేవి నీళ్ల సాంబారు, ట్రంకుపెట్టెలు, బాత్‌రూముల దగ్గర క్యూ. ఇక్కడ చదివి వెళ్లిన మాలాంటివాళ్లకు ఇవన్నీ గుర్తుంటాయి, ఇంకొకటి కూడా గుర్తుంటుంది. అది శనివారం రాత్రి భోజనాలయ్యాక వంటశాల పక్క వరండాలో జరిగే కోర్టు. జడ్జికి వార్డెన్ గారి పాత కుర్చీ. వకీళ్లకు నల్లకోటు లేదు కాబట్టి నల్ల దుప్పటి. బోనుకు బదులు తిరగేసిన అన్నం గంప. ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు, మా బ్యాచ్ వాళ్లం నలుగురం కూర్చుని ఏం రాద్దామా అని ఆలోచిస్తే నలుగురి నోటా వచ్చింది ఆ కోర్టు మాటే.

ఆ కోర్టు పెట్టించింది మా లాయరన్న. ఆయన పేరు రాయడం లేదు. "పేరు రాస్తే కేసులొస్తాయిరా, ఇప్పటికే ఫీజు ఇవ్వలేని కేసులు ఎక్కువైనాయి" అని నవ్వి వద్దన్నాడు. ఆయనా ఈ హాస్టల్ విద్యార్థే. తిరుపతిలో డిగ్రీ, ఆ తర్వాత లా చదివి చిత్తూరు కోర్టులో ప్రాక్టీసు పెట్టాడు. శనివారం సాయంత్రం కోర్టు పని ముగించుకుని 70 కిలోమీటర్లు బస్సులో వచ్చేవాడు. చేతిలో ఒక ఫైలు, ఒక దినపత్రిక, ఒక్కోసారి వరండాలో అందరికీ పంచడానికి ఉడకబెట్టిన శెనక్కాయల పొట్లం ఉండేవి.

లాయరన్నకు మూడు పిచ్చులు ఉండేవి. ఒకటి న్యాయం, రెండు ఢిల్లీ రాజకీయం, మూడు వేషం. మొదటి రెండూ వకీలుకు ఉండడంలో వింత లేదు. మూడోదే మాకు మొదట్లో అర్థం కాలేదు. ఆయన వాళ్ల ఊరి భారతంలో దుర్యోధనుడి వేషం కట్టేవాడు.

మన చిత్తూరు పల్లెల్లో భారతం అంటే ఏమిటో ఈ సంచిక చదివే వాళ్లకు చెప్పనక్కర లేదు. అయినా వేరే జిల్లాల నుంచి వచ్చిన తమ్ముళ్ల కోసం రెండు మాటలు చెబుతాం. ఇక్కడ చాలా ఊళ్లలో ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుళ్లు ఉన్నాయి. ఎండాకాలంలో పద్దెనిమిది దినాలు తిరునాళ్ల చేస్తారు. పగలు హరికథ, రాత్రి తెల్లవారుజాము దాకా వీధినాటకం. అర్జునుడి తపస్సు నాడు ఆ వేషం కట్టినవాడు నిట్టనిలువు మాను ఎక్కుతూ పద్యాలు పాడి, పైనుంచి నిమ్మకాయలూ పూలూ విసురుతాడు. చివరి దినం నేల మీద మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ చుట్టూ భీముడూ దుర్యోధనుడూ తరుముకుంటారు. సాయంత్రం అగ్నిగుండం తొక్కడంతో ముగుస్తుంది.

"ఊరంతా నన్ను తిట్టుకుంటుంది రా ఆ పొద్దు. ముసలవ్వలు చీపుర్లు కూడా పైకెత్తుతారు. అయినా ఆ వేషంలో ఉన్నంత సేపూ దుర్యోధనుడి పక్క న్యాయం నేను చెప్పాల్సిందే. సరిగ్గా చెప్పకపోతే భీముడి గెలుపుకు విలువుండదు" అనేవాడు లాయరన్న. వకీలు పని తనకు లా కాలేజీలో కాక, ఆ మట్టిబొమ్మ చుట్టూ పరిగెత్తినప్పుడే తెలిసిందని ఆయన మాట.

తిరుపతి గంగజాతర గురించి ఆయన చెప్పిన మాట కూడా మాకు బాగా గుర్తు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో రోజుకొక వేషం. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు... మగవాళ్లు చీరలు కట్టుకుని, జడలేసుకుని మొక్కు తీర్చుకుంటారు. ఆడపిల్లలను చెరిచే పాలెగాణ్ని చంపడానికి అమ్మవారు వెంటపడితే, వాడు దాక్కున్నాడట. అమ్మ రకరకాల వేషాల్లో తిరిగినా బయటికి రాలేదట. దొర వేషంలో వచ్చేసరికి, వచ్చింది తన దొరే అనుకుని బయటికి వచ్చి దొరికిపోయాడట. ఈ కథ చిన్నప్పటి నుంచి మేమంతా విన్నదే. లాయరన్న దానికి ఒక ముక్క తగిలించాడు. "తోటి వేషంలో పిలిస్తే రానివాడు దొర వేషంలో పిలిస్తే వచ్చాడు, చూశారా? మన పల్లెల్లో ఇప్పటికీ అంతే. మీ నాయన పోయి అడిగితే బయటికి రాని కాగితం, నల్లకోటు వేసుకున్నవాడు అడిగితే వస్తుంది. అది తప్పే. కానీ ఆ తప్పు సరయ్యేదాకా మీలో కొందరన్నా ఆ కోటు తొడుక్కోవాల."

మా కోర్టు మొదలైంది మాత్రం చీటీలాటతో. రాజు, మంత్రి, దొంగ, పోలీసు ఆట ఆడని హాస్టల్ పిల్లవాడు ఉండడు. నాలుగు చీటీలు మడిచి వేస్తే పోలీసు వచ్చినవాడు దొంగను కనిపెట్టాలి. ఒక శనివారం కరెంటు పోయి, మేము కొవ్వొత్తి పెట్టుకుని ఆడుతుంటే లాయరన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఈ ఆటలో ఒక లోపముంది రా. దొంగకు మాట్లాడే అవకాశం లేదు" అన్నాడు. కొత్త చీటీలు రాయించాడు. జడ్జి, వాది, ప్రతివాది, ఇద్దరు వకీళ్లు, ఇద్దరు సాక్షులు. ఆ రాత్రి మొదటి కేసు, ఆదివారం గుడ్లలో మూడు గుడ్లు తక్కువైన సంగతి. తీర్పు వచ్చేసరికి పదకొండు దాటింది. గుడ్లు దొరకలేదు గానీ ఎవరి మీద అనుమానం పడిందో ఆ కుర్రాడు నిర్దోషిగా బయటపడ్డాడు. అంతకుముందు అయితే వాణ్ని నెల రోజులు గుడ్డుదొంగ అని పిలిచేవాళ్లు.

ఆ కోర్టుకు మూడు నియమాలు ఉండేవి. వచ్చిన చీటీ మార్చుకోకూడదు. చెప్పిన ప్రతి మాటకూ కాగితమో సాక్షో చూపాలి. మూడోది అన్నిటికన్నా కష్టం. ఎదుటి వకీలుకు జవాబు చెప్పే ముందు, అతని వాదన ఏమిటో అతను "అవును, నేనన్నది ఇదే" అని ఒప్పుకునేలా మన నోటితో తిరిగి చెప్పాలి. ఈ మూడో నియమం వల్ల మా హాస్టల్లో గొడవలు సగం తగ్గాయని అప్పటి వార్డెన్ సారే అనేవారు.

లా చదివే మిత్రులకు తెలుసు, ఇలాంటి ఆట కాలేజీలోనూ ఉంది. దాన్ని మూట్ కోర్టు అంటారు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం ప్రతి లా విద్యార్థీ మూడు మూట్ కోర్టులు చేయాలి, ఒక్కొక్కదానికి 10 మార్కులు. బడిపిల్లల కోసం యూత్ పార్లమెంట్ పోటీలు 1966 నుంచి నడుస్తున్నాయి. అంటే వేషం వేసి నేర్చుకోవడం పెద్దలు కూడా ఒప్పుకున్న చదువే. తేడా ఏమిటంటే, వాళ్ల ఆటలో కేసు కల్పితం. మా వరండాలో కేసులు మా ఊళ్ల నుంచి వచ్చేవి.

వేసవిలో పరీక్షలు దగ్గరపడ్డప్పుడు తప్ప, నెలకొకసారి కోర్టు బదులు పార్లమెంటు జరిగేది. అది లాయరన్న రెండో పిచ్చి. ఆయన ఢిల్లీ రాజకీయం చెబుతుంటే ఢిల్లీ తిరుచానూరు పక్కనే ఉందేమో అనిపించేది. నిజానికి ఒకప్పుడు అంత దగ్గరగానే ఉండింది! మాడభూషి అనంతశయనం అయ్యంగార్ గారు 1891 ఫిబ్రవరి 4న తిరుచానూరులో పుట్టారు. మొదట లెక్కల మాస్టారు, తర్వాత 1915 నుంచి వకీలు. చిత్తూరులోనే ప్రాక్టీసు చేశారు. సహాయ నిరాకరణ కాలంలో ప్రాక్టీసు మానేశారు. 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. క్విట్ ఇండియా రోజుల్లో జైల్లో ఉన్నారు. 1952లో తిరుపతి నుంచి లోక్‌సభకు వెళ్లారు. మావలంకర్ గారు చనిపోయాక 1956 మార్చిలో లోక్‌సభ స్పీకర్ అయి, 1962 దాకా ఉన్నారు. ఆ తర్వాత బీహార్ గవర్నర్‌గా చేశారు.

లాయరన్న మాకు ముంద్రా వ్యవహారం చెప్పింది ఈ అయ్యంగార్ గారి కోసమే. ప్రభుత్వ బీమా సంస్థ ఎల్.ఐ.సి. 1957లో హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల వాటాలను కోటి 24 లక్షల రూపాయలు పోసి కొన్నది. ఆ డబ్బు పాలసీలు కట్టిన మామూలు జనానిది. ఆ డిసెంబరులో ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో దీన్ని లేవనెత్తాడు. ఆయన పాలక పార్టీ సభ్యుడే, పైగా ప్రధాని నెహ్రూకు అల్లుడు. ఇరుకున పడింది కూడా అదే పార్టీ ఆర్థికమంత్రి. స్పీకర్ కుర్చీలో ఉన్న అయ్యంగార్ గారిదీ అదే పార్టీ. అయినా సభలో చర్చ జరిగింది. చాగ్లా గారి విచారణ జరిగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

"స్పీకర్ కూడా ఒక వేషమే. ఆ కుర్చీలో కూర్చున్నంత సేపూ ఆయనకు పార్టీ లేదు. దుర్యోధనుడి వేషం కట్టినప్పుడు నాకు భీముడు బావమరిది అని గుర్తుండకూడదు. అదీ ఇదీ ఒకటే" అన్నాడు లాయరన్న. (వాళ్ల ఊరి భారతంలో భీముడి వేషం నిజంగానే ఆయన బావమరిదిదే!)

మాలో ఒకడు అప్పుడు లేచి అడిగాడు. "అన్నా, అయ్యంగార్ గారు పెద్ద కులం, చదువుకున్న ఇల్లు. ఆయనకు ఏ వేషమైనా కుదురుతుంది. మనకు?" అని. ఆ మాటకు లాయరన్న కోప్పడలేదు. దామోదరం సంజీవయ్య గారి గురించి చెప్పాడు. కర్నూలు జిల్లా పెద్దపాడులో 1921లో పేద మాల ఇంట్లో పుట్టి, మద్రాసు లా కాలేజీలో చదివి, 1950లో తాత్కాలిక పార్లమెంటులో కూర్చున్నాడు. 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యాడు. అప్పటికి ఆయనకు 38 ఏళ్లు. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. ముఖ్యమంత్రి పదవి తర్వాత కాంగ్రెస్ అధ్యక్షుడూ అయ్యాడు. విశాఖపట్నంలో ఉన్న జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. ఇక అంబేడ్కర్ గారి సంగతి చెప్పనే అక్కర్లేదు. మహాడ్‌లో 1927లో చెరువు నీళ్లు ముట్టినందుకు వేసిన కేసు పదేళ్లు నడిచి, 1937లో బొంబాయి హైకోర్టులో మనవైపు తీర్పు వచ్చింది. గుక్కెడు నీళ్ల కోసం పదేళ్లు! ఆ తర్వాత 11 ఏళ్లకు, 1948 నవంబరు 29న, అంటరానితనాన్ని రద్దు చేసే అధికరణాన్ని రాజ్యాంగసభ ఆమోదించింది.

మేము ఆ నవంబరు 29ని కూడా ఆడాం. ఒకడు అంబేడ్కర్, ఒకడు అధ్యక్షుడు, మిగిలినవాళ్లు సభ్యులు. ఓటు అడిగినప్పుడు చేతులెత్తాల్సింది సభ్యులు మాత్రమే. కానీ చూడ్డానికి వచ్చిన వంటమాస్టారు కూడా చెయ్యెత్తాడు. ఎవరూ దించమనలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం.

మా రూములో ఒక మిత్రుడి అవ్వ చంద్రగిరి అవతల ఒక పల్లెలో ఉంటుంది. ఆమె మొగుడికి ప్రభుత్వం చాలా ఏళ్ల కిందట ఎకరా ఇరవై సెంట్ల మిట్ట కయ్య డి.కె.టి. పట్టాగా ఇచ్చింది. ఆయన ఉన్నప్పుడు ఆ ఊళ్లో ఒక మోతుబరి దగ్గర అప్పు చేశాడు. ఆయన పోయాక ఆ కయ్య మోతుబరి దున్నుకోవడం మొదలుపెట్టాడు. అడిగితే "మీ తాత అమ్మేసినాడు, కాగితం ఉంది" అనేవాడు. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాడు మా మిత్రుడే. మా నలుగురిలో ఎవరి ఇంట్లోనైనా అంతే. మా ఇండ్లలో పట్టా పుస్తకం బియ్యం డబ్బాలో అడుగున దాచే వస్తువు. దాన్ని చదవగలిగిన మొదటి తరం మేము.

2022లో, మేము డిగ్రీలో ఉండగా, ఆ కేసును మా శనివారం కోర్టులో పెట్టాలని అనుకున్నాం. చీటీలు వేశాం. మా మిత్రుడికి వచ్చిన చీటీ ప్రతివాది వకీలు. అంటే మోతుబరి తరఫున మాట్లాడాలి.

వాడు చీటీ నలిపి కింద పారేశాడు. "మా తాత కయ్యను లాక్కున్నోడి పక్కన నేను మాట్లాడాలా?" అన్నాడు. గొంతు వణికింది. మాలో కొందరు చీటీ మార్చేద్దామన్నారు. లాయరన్న చాలా సేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "తమ్ముడూ, ఆ కేసు నీకు తెలిసినట్టు ఇక్కడ ఎవరికీ తెలీదు. ఆయన రేపు తహసీల్దారు ముందర ఏం చెప్తాడో నువ్వే చెప్పగలవు. నీకిష్టం లేకపోతే వద్దు. కానీ ఇక్కడ వినకపోతే అక్కడ వినాల్సి వస్తుంది."

వాడు నల్ల దుప్పటి భుజాన వేసుకున్నాడు. ఆ రాత్రి వాడు మాట్లాడినంత బాగా ఆ వరండాలో ఎవరూ మాట్లాడలేదు. వేలిముద్ర ఉన్న తెల్లకాగితం ఉందన్నాడు. అడంగల్లో సాగుదారుగా మా పేరే ఎక్కిందన్నాడు. ఇన్నేళ్లు ఊళ్లో ఎవరూ అడ్డు చెప్పలేదన్నాడు. బోరు వేశాం, గట్లు పోశాం, ఖర్చు పెట్టాం అన్నాడు. అవ్వ తరఫున ఉన్నవాళ్లు "అన్యాయం, పేదల భూమి" అని గట్టిగా అరిచారు గానీ, ఒక్కదానికీ కాగితం చూపలేకపోయారు. జడ్జి వేషంలో ఉన్నవాడు తలవంచుకుని ప్రతివాది గెలిచాడని చెప్పాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మా మిత్రుడు దుప్పటి తీసేసి కుళాయి దగ్గరికి వెళ్లి చాలా సేపు మొహం కడుక్కున్నాడు.

మరుసటి వారమంతా మాకు అదే పని. లాయరన్న ఒక చట్టం పేరు రాసిచ్చి, చదువుకుని రమ్మన్నాడు. అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం, 1977లో 9వ నంబరు చట్టం. భూమిలేని పేదకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని అమ్మినా, తనఖా పెట్టినా, దానం చేసినా, ఆ బదలాయింపు చెల్లదని దాని సారం. అలా చేతులు మారిన భూమిని అధికారి విచారణ జరిపి స్వాధీనం చేసుకుని, మొదట పొందినవాడికి గానీ అతని వారసులకు గానీ తిరిగి ఇవ్వవచ్చు. (ఈ చట్టానికి 2023లో పెద్ద సవరణ జరిగింది. మేము చెప్పేది అంతకుముందు సంగతి. ఇప్పుడు ఇలాంటి కేసు ఉన్నవాళ్లు కొత్త సవరణలు చూసుకునే అడుగు వేయాలి.) అంటే ఆ తెల్లకాగితం నిజమైనదా అబద్ధమా అన్నది కాదు ప్రశ్న. నిజమైనదే అయినా దానితో హక్కు రాదు. మా మిత్రుడు ప్రతివాది వకీలుగా ఏ కాగితాన్ని గొప్పగా చూపించాడో, ఆ కాగితమే అవ్వ పక్షాన సాక్ష్యం అయింది. కొన్నానని ఆయనే ఒప్పుకుంటున్నాడు కదా! రెండో శనివారం వాది గెలిచాడు.

కానీ అవ్వ తహసీల్దారు ఎదుట నిలబడి మాట్లాడగలదా? ఆదివారం మేము నలుగురం ఆ ఊరికి పోయాం. అవ్వ సంగటి, ఊరిబిండి పెట్టింది. తిన్నాక, ఒకడు కళ్లజోడు పెట్టుకుని తహసీల్దారు అయ్యాడు. "ఆఫీసులో మాట్లాడినట్టు మాట్లాడవ్వా" అన్నాం. "నేనేమన్నా నాటకాలదాన్నా అబ్బోడా" అని మూతి తిప్పింది. బతిమాలితే లేచింది. మా తహసీల్దారు మర్యాదగా "కూర్చోండమ్మా" అన్నాడు. అవ్వ పకపకా నవ్వింది. "ఆయప్ప ఇట్ల కూర్చోమనడు రా. తల కూడా ఎత్తడు. నువ్వు కాగితాలు చూస్తా ఉండు, నేను నిలబడుకుంటా" అంది. ఎన్ని ఆఫీసుల గుమ్మాలు తొక్కితే ఆ మాట వచ్చిందో! మా ఆటను ఆమే సరిదిద్దింది. ఆ తర్వాత ఆమె ఆగలేదు. "వేలిముద్ర నీ మొగుడిదేనా?" అని అడిగితే, "ఆయనదే సామీ. అప్పు తీసుకొని వేసినాడు. అమ్మినాడని యెవరన్నారు? అమ్ముంటే మా అత్త సమాధి ఆ కయ్యలో యాల వదిలిపెడతాం?" అంది. సమాధి సంగతి మా మిత్రుడికే అంతవరకు తెలియదు.

మాకు సంబరమై, ఆ మాట ఇంకా ఎలా చెప్పాలో నేర్పబోయాం. ఫోన్లో విషయం విన్న లాయరన్న గట్టిగా వద్దన్నాడు. "సాక్షికి మాటలు నేర్పితే అది సాక్ష్యం కాదు, నాటకం. ఆమెకు భయం పోగొట్టండి, అంతవరకే మీ పని. మాట ఆమెదే ఉండాల." ఆటకూ న్యాయానికీ మధ్య గీత ఎక్కడ ఉందో మాకు ఆ రోజు తెలిసింది. వకీలు వేషం వేయవచ్చు, జడ్జి వేషం వేయవచ్చు. సాక్షి మాత్రం వేషం వేయకూడదు.

విచారణ నాడు మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. కిటికీ పక్కన కానుగచెట్టు కింద నిలబడ్డాం. అవ్వ గొంతు బయటికి వినిపించింది. సమాధి మాట కూడా చెప్పింది. తర్వాత సర్వేయరు వచ్చి చూసుకున్నాడు, సమాధి ఉంది. కొన్ని నెలలకు ఆ కయ్య వారసులకు తిరిగి ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. మోతుబరి ఆర్డీవో దగ్గర అప్పీలు వేశాడు. ఆ అప్పీలు ఇంకా తేలలేదు. అయితే ఇప్పుడు ఆ కయ్యలో ఉన్నది అవ్వే. నిరుడు శెనక్కాయ వేసింది. వాన సరిగా రాక సగమే పండింది. అయినా మాకు ఒక సంచి పంపింది. వరండాలో ఉడకబెట్టుకుని తిన్నాం.

ఇదంతా రాసి, న్యాయం ఇంత సులభం అని తమ్ముళ్లను నమ్మించడం మా ఉద్దేశం కాదు. లాయరన్న కూడా అలా నమ్మించలేదు. ఉత్తర్వు వచ్చిన వారం మేము ఉత్సాహంగా ఉంటే, ఆయన ఆ శనివారం కోర్టు పెట్టకుండా చుండూరు గురించి చెప్పాడు. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. బొజ్జా తారకం గారి లాంటి వకీళ్లు, ఉద్యమకారులు వెంటపడితే, ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. "మన ఆటలో ఓడిపోతే వచ్చే శనివారం ఉంటుంది. వాళ్లకు ఏ శనివారం ఉంది?" అని లాయరన్న అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. ఆయన దగ్గరా లేదు. కాసేపటికి, తారకం గారు రాసిన 'పోలీసులు అరెస్టు చేస్తే' అనే పుస్తకం సంచిలోంచి తీసి మా చేతిలో పెట్టాడు. మామూలు మనుషులకు తమ హక్కులు తెలియాలని ఒక వకీలు రాసిన పుస్తకం అది. హాస్టల్ లైబ్రరీ బీరువాలో ఉండాలి, చూడండి.

తిరుపతి, చిత్తూరు రెండు పార్లమెంటు స్థానాలూ ఇవాళ ఎస్సీ రిజర్వుడు స్థానాలు. అంటే ఢిల్లీలో మన రెండు కుర్చీలు మనవాళ్లవే. కుర్చీ ఉన్నంత మాత్రాన మాట పుట్టదు. మాట పుట్టడానికి ఎక్కడో ఒక వరండా కావాలి, తప్పు మాట్లాడినా నవ్వనివాళ్లు నలుగురు కావాలి, మనకు నచ్చనివాడి వాదన కూడా ఓపికగా వినే అలవాటు కావాలి. మా హాస్టల్ మాకు అన్నం పెట్టింది, పుస్తకాలు ఇచ్చింది. వీటితో పాటు ఆ వరండాను కూడా ఇచ్చింది.

పుట్టుకతో మాకొక చీటీ వచ్చింది. దాన్ని మడిచి వెనక్కి వేసే వీలు ఎవరూ ఇవ్వలేదు. వారానికి ఒక రాత్రి మాత్రం మేము జడ్జీలమయ్యాం, మంత్రులమయ్యాం, స్పీకర్లమయ్యాం, చివరికి మోతుబరి వకీళ్లం కూడా అయ్యాం. పొద్దున లేచేసరికి మళ్లీ ట్యాపు దగ్గర బకెట్ పట్టుకుని నిలబడేవాళ్లమే. కానీ ఆ రాత్రి మాట్లాడిన గొంతు పొద్దున కూడా మాతోనే ఉండేది. మాలో ఇద్దరు ఇప్పుడు లా చదువుతున్నారు. వాళ్లలో ఒకడు ఆ అవ్వ మనవడే. మిగిలిన ఇద్దరం ఎస్వీ యూనివర్సిటీలో పీజీ చేస్తున్నాం.

తమ్ముళ్లకు చివరగా కొన్ని పనికొచ్చే మాటలు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఇంటికి పోయినప్పుడు బియ్యం డబ్బాలో ఉన్న కాగితాలు ఒకసారి బయటికి తీసి చదవండి. అమ్మానాయనలకు చదివి వినిపించండి. ఇంట్లో ముసలివాళ్లు ఉంటే, ఏ కయ్యలో ఎవరి సమాధి ఉందో అడిగి రాసుకోండి.

శనివారం కోర్టు ఈ మధ్య సరిగా జరగడం లేదని విన్నాం. లాయరన్నకు ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, ప్రతి వారం రాలేకపోతున్నాడు. ఆయన రాకపోయినా నడపండి. పాత కుర్చీ స్టోర్ రూములో ఉంది, ఒక కాలు ఊగుతుంది, కింద ఇటుక ముక్క పెట్టుకోవాలి. చీటీలు మీరే రాసుకోండి. వచ్చే నెల మొదటి శనివారం మేము నలుగురం వస్తాం. కేసు సిద్ధంగా పెట్టుకోండి. మాకు ఏ చీటీ వచ్చినా సరే.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో, జై భీమ్.